హోర్నెలెన్

హోర్నెలెన్ నార్వే దేశపు పశ్చిమ తీరాన, సముద్రపు ఒడ్డునే నిటారుగా నిలిచి ఉన్న ఒక పర్వతం. ఇది బ్రెమాంగెర్‌లాండెట్ అనే ద్వీపపు తూర్పు కొసన ఉన్నది. శిఖరం ఎత్తు సముద్ర మట్టానికి 860 మీటర్లు. పరిపాలన రీత్యా ఈ ప్రాంతం వెస్ట్‌లాండ్ మండలంలోని బ్రెమాంగెర్ పురపాలక పరిధిలోనికి వస్తుంది. 2019 సంవత్సరాంతం వరకు ఇది సోగ్న్ ఓగ్ ఫ్యోర్డానే మండలంలో ఉండేది. 2020 జనవరి 1న ఆ మండలాన్ని దక్షిణాన ఉన్న హోర్డాలాండ్ మండలంతో కలిపి వెస్ట్‌లాండ్‌ను ఏర్పరచారు.

పర్వతంగా చూస్తే 860 మీటర్లు పెద్ద ఎత్తు కాదు. నార్వేలోని అత్యున్నత శిఖరమైన గాల్డ్‌హోపిగెన్ ఎత్తు 2,469 మీటర్లు. ఆ దేశంలో హోర్నెలెన్ కంటే ఎత్తైన కొండలు వందల సంఖ్యలో ఉన్నవి. అయినను హోర్నెలెన్‌కు వచ్చినంత పేరు వాటిలో చాలా కొండలకు రాలేదు. సాధారణంగా ఒక కొండ ఎత్తులో కొంత భాగాన్ని దాని చుట్టూ ఉన్న పీఠభూమి మింగివేస్తుంది. హోర్నెలెన్ పాదం సముద్రంలో ఉన్నది గనుక దాని ఎత్తు మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. పడవలో కూర్చుండి తల పైకెత్తి చూచేవారికి 330 మీటర్ల ఐఫిల్ టవరును రెండున్నర సార్లు పేర్చినంత రాతిగోడ నీటిలో నుండి లేచినట్లు తోస్తుంది. ఈ పర్వతాన్ని గురించి వేల ఏళ్ళుగా తలచినవారు, చెప్పినవారు ఎక్కువగా సముద్రం మీద ప్రయాణించినవారే.

పేరు

"హోర్న్" అనగా ప్రాచీన నోర్స్ భాషలోను, నేటి నార్వే భాషలోను కొమ్ము అని అర్థం. మొన దేలిన శిఖరాలను కొమ్ముతో పోల్చి పిలవడం జర్మానిక్ భాషలన్నింటిలో కనిపిస్తుంది; స్విట్జర్లాండు, ఇటలీల సరిహద్దున ఉన్న మాటర్‌హోర్న్ అందరికీ తెలిసిన ఉదాహరణ. మధ్యయుగపు ఐస్‌లాండ్ గ్రంథాలలో హోర్నెలెన్‌ను స్మాల్సర్‌హోర్న్ అని వ్రాశారు.

ఈ పరిసరాల పేర్లు తెలుగువారికి పొడవుగా, పలుకుటకు కష్టంగా తోస్తాయి గాని వాటి చివరి భాగాలు తెలిస్తే పటం చదవడం సులభమవుతుంది. నార్వే భాషలో "ఆ", "ఈ" వంటి నిర్దేశక పదం నామవాచకానికి ముందు రాదు, తోకవలె చివర అతుక్కొంటుంది. "లాండ్" అంటే నేల, "లాండెట్" అంటే ఆ నేల. కనుక బ్రెమాంగెర్‌లాండెట్ బ్రెమాంగెర్ నేల అవుతుంది. "షో" అంటే సముద్రం. ఫ్రోయ్‌షోయెన్ ఫ్రోయా ద్వీపం ప్రక్కనున్న సముద్రపు పాయ. "స్ట్రౌమ్" అంటే ప్రవాహం. స్కాటెస్ట్రౌమెన్ అన్న పేరు వినగానే అక్కడ నీరు వడిగా పారుతుందని అక్కడివారికి తెలిసిపోతుంది. "బ్రే" అంటే హిమానీనదం.

ఉనికి, పరిసరాలు

బ్రెమాంగెర్‌లాండెట్ ద్వీపానికి పడమట అట్లాంటిక్ మహాసముద్రం, ఉత్తరాన నోర్డ్‌ఫ్యోర్డ్ ముఖద్వారం ఉన్నవి. సముద్రం ఇరుకైన పాయగా మారి కొండల నడుమ లోయలోకి చొచ్చుకొని వచ్చిన చోటును ఫ్యోర్డ్ అంటారు. నోర్డ్‌ఫ్యోర్డ్ ఇటువంటి పాయలలో పెద్దవాటిలో ఒకటి. తీరం నుండి నూరు కిలోమీటర్లకు పైగా దేశం లోపలికి సాగుతుంది. ద్వీపానికి, ప్రధాన భూభాగానికి నడుమ ఉన్న జలభాగమే ఫ్రోయ్‌షోయెన్. హోర్నెలెన్ ఈ జలాల మీదికే వ్రాలినట్లు నిలిచి ఉన్నది.

దక్షిణాన ఫ్లోరో, ఉత్తరాన మోలోయ్ ఈ తీరంలోని పట్టణాలు. బెర్గెన్ నుండి ఉత్తర దిశకు పోయే ఓడలు బయటి మహాసముద్రపు పోటుకు చిక్కకుండా ద్వీపాల చాటున సాగే మార్గాన్ని పూర్వం నుండి ఎంచుకొంటూ వచ్చాయి. ఆ మార్గం ఇక్కడ హోర్నెలెన్ క్రిందుగా పోతుంది. 1893లో మొదలైన హుర్టిరూటెన్ తీర నౌకా సేవలోని ఓడలు ఫ్లోరో, మోలోయ్ రేవుల మధ్య ఇదే దారి పట్టాయి. మోలోయ్ దాటిన తరువాత స్టాడ్ అనే అగ్రం వస్తుంది. అక్కడ ద్వీపాల చాటు లేదు. నార్వే తీరంలో నావికులు మిక్కిలి భయపడే చోట్లలో అది ఒకటి. ఉత్తరానికి పోయేవారికి హోర్నెలెన్ కనబడిందంటే స్టాడ్‌కు సిద్ధం కావలసిన సమయం దగ్గర పడిందని, దక్షిణానికి వచ్చేవారికి కనబడిందంటే గండం గడిచిందని అర్థం. దిక్సూచి, పటాలు లేని రోజులలో కొండ గుర్తులే దారి చూపేవి. దూరం నుండి పోల్చుకొనదగిన ఇటువంటి ఆకారం నావికునికి ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఉత్తర అక్షాంశం దాదాపు 62 డిగ్రీలు అయినప్పటికీ అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వలన ఇక్కడి సముద్రం చలికాలంలోను గడ్డకట్టదు. ఆ వెచ్చని సముద్రం మీదుగా వచ్చే తేమ గాలులు తీరపు కొండలను తాకి విస్తారంగా వర్షిస్తాయి. తూర్పున ప్రధాన భూభాగం మీద ఓల్ఫోట్‌బ్రేన్ హిమానీనదం ఉన్నది. నార్వే ప్రధాన భూభాగంలోని పెద్ద హిమానీనదాలలో పడమటి కొసన ఉన్నది ఇదే. ఆ చుట్టుపక్కల కురిసే వాన, మంచు ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైబడి ఉంటాయని అంచనా. ఈ కారణం చేత హోర్నెలెన్ శిఖరం అనేక దినాలు మబ్బులో మునిగి ఉంటుంది. ఓడలో నుండి శిఖరాన్ని చూడాలని ఆశించి, రాతిగోడ అడుగుభాగం మాత్రమే చూచి పోయిన యాత్రికులే ఎక్కువమంది అనవచ్చును.

శిలా నిర్మాణం

హోర్నెలెన్‌ను చూచినవారు అది భూగర్భం నుండి పొడుచుకొని వచ్చిన రాయి అనుకోవడం సహజం. నిజానికి ఇది నదులు మోసుకొని వచ్చి పోసిన ఇసుకతోను, గులకరాళ్ళతోను ఏర్పడినది. ఆ ఇసుక ఒక పెద్ద పల్లంలో పొరలుపొరలుగా పేరుకొని, పై బరువుకు నలిగి, ఇసుకరాయిగా గట్టిపడింది. గులకరాళ్ళు ఎక్కువగా చేరిన చోట్ల అవి ఇసుకతో అతుక్కొని ముద్దరాయిగా మారాయి. ఇది జరిగినది డెవోనియన్ యుగంలో, అనగా దాదాపు 39 కోట్ల సంవత్సరాల క్రిందట. ఆనాడు ఈ భూభాగం భూమధ్యరేఖకు సమీపంలో ఉండేది. నేల మీద చెట్లు అప్పుడప్పుడే పెరుగుతున్న కాలమది. ఈ రాళ్ళలో ఆనాటి మొక్కల ముద్రలు, చేపల అవశేషాలు దొరికాయి.

ఈ పల్లాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు హోర్నెలెన్ ద్రోణి అని పిలుస్తారు. పశ్చిమ నార్వేలో ఇటువంటి డెవోనియన్ ద్రోణులు నాలుగు ముఖ్యమైనవి: హోర్నెలెన్, హోస్టెయినెన్, క్వామ్‌షెస్టెన్, సూలుండ్. వీటిలో హోర్నెలెన్ పెద్దది. శాస్త్రలోకంలో దీనికి గల ప్రసిద్ధి అంతా ఒక విచిత్రమైన లెక్క వలన వచ్చింది. ద్రోణి ఒక కొస నుండి మరొక కొసకు నడుస్తూ, ఎదురైన ప్రతి పొర మందాన్ని కూడుతూ పోతే మొత్తం దాదాపు 25 కిలోమీటర్లు అవుతుంది. నిజంగా అంత లోతైన గొయ్యి ఇక్కడ ఎన్నడూ లేదు. ఉండి ఉంటే అడుగున ఉన్న ఇసుకరాయి వేడికి, ఒత్తిడికి పూర్తిగా వేరొక రాయిగా మారిపోయి ఉండేది.

దీనికి శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానం సులభంగానే అర్థమవుతుంది. ద్రోణి అడుగు ఒకేచోట నిలువుగా కుంగలేదు. ద్రోణి తెరుచుకొంటున్న కొద్దీ ఇసుక చేరే చోటు తూర్పునకు జరుగుతూ పోయింది. కనుక ఒక పొర మీద మరొక పొర సరిగ్గా కూర్చొనక, ఇంటి పైకప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి కొంత జరిగి పరచినట్లు పేరుకొన్నది. పెంకులన్నింటి మందం కూడితే చాలా వస్తుంది గాని కప్పు అంత మందంగా ఉండదు గదా. ఈ పొరలలో మరొక క్రమం కూడా ఉన్నది. ఒక్కొక్కటి సుమారు 100 మీటర్ల మందం గల దొంతరలు దాదాపు 200 వరకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అంచున ఉన్న భ్రంశం ఒక్కొక్కసారి కదిలినప్పుడల్లా ద్రోణి కొంత కుంగి, నదులు మళ్ళీ క్రొత్తగా ఇసుకను తెచ్చి నింపడం వలన ఈ ఆవృత్తి ఏర్పడిందని 1970ల నుండి వచ్చిన పరిశోధనలు ప్రతిపాదించాయి. పొరలు తూర్పునకు వాలి ఉండటం చేత ఈ ప్రాంతపు కొండలకు ఒక ప్రత్యేక రూపం వచ్చింది. అవి పడమట నిటారుగా తెగి, తూర్పున మెల్లగా దిగే పెద్ద మెట్లవలె కనిపిస్తాయి. ఆకాశం నుండి తీసిన చిత్రాలలో ఈ గీతలు దువ్వెనతో దువ్వినంత స్పష్టంగా ఉంటాయి.

ద్రోణి తెరుచుకొనడానికి కారణం అంతకు ముందు జరిగిన ఒక మహా సంఘటన. దాదాపు 43 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరాల క్రిందట నేటి గ్రీన్‌లాండ్, ఉత్తర అమెరికాల భూఖండం, స్కాండినేవియా భూఖండం ఢీకొని కెలిడోనియన్ అనే పర్వతశ్రేణి లేచింది. ఆ తాకిడిలో నార్వే అంచు భూమి లోపలికి అణగద్రొక్కబడింది. ఎంత లోతుకు పోయిందో చెప్పే సాక్ష్యం హోర్నెలెన్‌కు ఉత్తరాన స్టాడ్ ప్రాంతంలోనే దొరికింది. అత్యధిక పీడనంలో తప్ప పుట్టని కోయెసైట్ అనే ఖనిజాన్ని అక్కడి రాళ్ళలో కనుగొన్నట్లు 1984లో ప్రకటించారు. ఆ రాళ్ళు దాదాపు 90 కిలోమీటర్లకు మించిన లోతు చూచి వచ్చాయన్నమాట. తాకిడి ముగిసిన తరువాత ఆ పర్వతశ్రేణి తన బరువుకు తానే వ్యాపించి కుంగినప్పుడు నోర్డ్‌ఫ్యోర్డ్-సోగ్న్ భ్రంశం అనే ఏటవాలు పగులు వెంట పైభాగం పదుల కిలోమీటర్లు జారింది. క్రిందనున్న లోతు రాళ్ళు పైకి వచ్చాయి, పైన ఏర్పడిన పల్లాలు నదుల ఇసుకతో నిండాయి. అందువలన ఈ తీరంలో భూమి పైపొరలో పుట్టిన ఇసుకరాయికి, భూమి లోపల ఎంతో లోతున ఉడికిన రాయికి మధ్య దూరం నేడు చాలా స్వల్పం. ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఇక్కడికి రావడానికి ఇదే కారణం.

ఈ ఇసుకరాయిని నేటి ప్రపాతంగా చెక్కినవి మంచుయుగపు హిమానీనదాలు. అవి లోయలను సముద్ర మట్టానికంటే చాలా లోతుగా త్రవ్వి, ప్రక్క గోడలను నిటారుగా కోసివేశాయి. మంచు కరిగిన తరువాత సముద్రం ఆ లోయలలో ప్రవేశించింది. గట్టిపడిన పొరలు సులభంగా పొడి కావు గనుక గోడ నిలిచి ఉన్నది. పగుళ్ళ వెంట పెద్ద దిమ్మలుగా మాత్రం అప్పుడప్పుడు ఊడిపడుతూ ఉంటుంది.

"ఐరోపాలోకెల్లా ఎత్తైనది" అన్న మాట

హోర్నెలెన్ ఐరోపాలోకెల్లా ఎత్తైన సముద్ర ప్రపాతమని నార్వేలో విరివిగా చెబుతారు. పర్యాటక పత్రికలలోను, అనేక గ్రంథాలలోను ఇదే వ్రాసి ఉంటుంది. అయితే ఇదే గౌరవాన్ని మరి రెండు చోట్ల వారు కూడా కోరుతున్నారు. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో ద్వీపాలలో, వియోయ్ ద్వీపపు ఉత్తరపు కొసన ఉన్న ఎన్నిబెర్గ్ అగ్రం ఎత్తు 754 మీటర్లు. ఐర్లండ్ పశ్చిమాన అకిల్ ద్వీపంలోని క్రోఖాన్ కొండ ఎత్తు 688 మీటర్లు. అంకెలు మాత్రమే చూస్తే హోర్నెలెన్‌దే పైచేయి. మరి వివాదం ఎందుకు?

వివాదమంతా "సముద్ర ప్రపాతం" అంటే ఏమిటన్న నిర్వచనంలో ఉన్నది. మొదటిది, 860 మీటర్లు అనేది శిఖరం ఎత్తు. నీటి అంచు నుండి శిఖరం వరకు రాయి ఒకే నిలువు గోడగా లేదు. నిటారు భాగాల నడుమ వాలు భాగాలు, అరుగులు ఉన్నవి. రెండవది, హోర్నెలెన్ క్రింద ఉన్నది ద్వీపాల చాటునున్న జలసంధి. ఎన్నిబెర్గ్‌ను గాని క్రోఖాన్‌ను గాని కొట్టేది బహిరంగ మహాసముద్రపు అల. అలల తాకిడికి తెగిన గట్టునే సముద్ర ప్రపాతమనాలని పట్టుబట్టేవారు హిమానీనదం కోసిన హోర్నెలెన్‌ను ఫ్యోర్డ్ గోడల జాబితాలో చేర్చుతారు. అప్పుడు దాని ప్రత్యేకత తగ్గుతుంది, ఏలనంటే నార్వే ఫ్యోర్డ్‌లలో అంతకంటే ఎత్తైన గోడలు ఉన్నవి. ఇక క్రోఖాన్ కూడా పూర్తిగా నిలువు కాదు. అది ఎక్కువ భాగం ఏటవాలే. నిలువుదనం ప్రధానమన్న ఫారో వాదులకు ఇది అనుకూలమైన విషయం.

కావున హోర్నెలెన్‌ను "సముద్రం నుండి నేరుగా లేచిన ఐరోపా తీర శిఖరాలలో అత్యున్నతమైన వాటిలో ఒకటి" అనడం నిర్దుష్టంగా ఉంటుంది. బిరుదు చిన్నదైనందువల్ల కొండ చిన్నది కాదు. ఐరోపా వెలుపల చూస్తే హవాయి దీవులలోని మొలొకాయ్ ఉత్తర తీరపు ప్రపాతాలు సుమారు 1,000 మీటర్ల వరకు ఉన్నవి, గ్రీన్‌లాండ్ తీరంలో ఇంకను ఎత్తైనవి ఉన్నవి.

ఓలాఫ్ రాజు కథ

హోర్నెలెన్‌ను గురించిన వ్రాతలలో ప్రసిద్ధమైనది నార్వే రాజు ఓలాఫ్ త్రిగ్వసన్ కథ. ఇతడు 995 నుండి 1000 వరకు రాజ్యమేలాడు. దేశంలో క్రైస్తవాన్ని బలవంతంగానైనా నెలకొల్పడానికి పూనుకొన్న రాజుగాను, సాహసిగాను చరిత్రలో మిగిలాడు. 1000వ సంవత్సరంలో స్వోల్డర్ వద్ద జరిగిన నౌకా యుద్ధంలో మరణించాడు.

ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోర్రి స్తుర్లుసన్ (1179–1241) నార్వే రాజుల చరిత్రను హైమ్స్‌క్రింగ్లా అనే గ్రంథంగా రచించాడు. అందులో ఓలాఫ్ దేహదారుఢ్యాన్ని, విద్యలను వర్ణించేచోట స్మాల్సర్‌హోర్న్ ప్రస్తావన వస్తుంది. రాజు ఆ కొండనెక్కి శిఖరాగ్రాన తన డాలును తగిలించాడట. రాజు పరివారంలోని వాడొకడు తానును ఎక్కబోయి, సగం దారిలో పైకి పోలేక, క్రిందికి దిగలేక చిక్కుకొన్నాడు. రాజు అతని దగ్గరకు పోయి, చంకన ఇరికించుకొని సమతలానికి దించాడట. అదే చోట ఓలాఫ్ ఓడ నడుస్తుండగా బయటికి చాచిన తెడ్ల మీద పరుగెత్తేవాడని, మూడు చురకత్తులను ఒకేసారి గాలిలో ఎగురవేసి పట్టేవాడని కూడా వ్రాసి ఉన్నది.

ఈ వృత్తాంతం చరిత్రగా ఎంతవరకు నిలుస్తుంది? స్నోర్రి రచన 1230 ప్రాంతానిది. ఓలాఫ్ మరణానికి అది రెండు వందల ఏళ్ళకు పైబడిన తరువాతి కాలం. నడుమ కథ నోటిమాటగాను, పూర్వ గ్రంథాల ద్వారాను సాగింది. స్నోర్రి 1218లో నార్వేకు వచ్చి రెండేళ్ళు ఉన్నాడు గనుక ఈ తీరాన్ని గురించి తెలిసినవారి మాటలు విని ఉండవచ్చును. అయినను తెడ్ల మీద పరుగు, కత్తుల ఆట పక్కపక్కనే ఉన్న కథలో కొండనెక్కడాన్ని మాత్రం వేరు చేసి నిజమనడం కుదరదు. రాజును పొగడేందుకు అందరికీ తెలిసిన దుర్గమమైన కొండను కథకులు ఎన్నుకొన్నారనుకోవడమే న్యాయం. అంటే, ఆనాటి శ్రోతలకు ఆ కొండ పేరు చెబితే చాలు, ఎంత కష్టమో వివరించనక్కరలేదన్నమాట. హోర్నెలెన్ ఖ్యాతి పదమూడవ శతాబ్దానికే ఐస్‌లాండ్ వరకు ప్రాకిందనడానికి ఇది సాక్ష్యం.

కథలో డాలు తగిలించిన భాగాన్నే తరచుగా చెబుతారు. నిజానికి కొండ స్వభావాన్ని ఎరిగినవారి అనుభవం రెండవ భాగంలో ఉన్నది. సగం దారిలో చిక్కుపడి ఎటూ కదలలేకపోవడం ఇటువంటి మెట్ల కొండల మీద నేటికిని జరిగే ప్రమాదమే. ఒక అరుగు మీదికి ఎక్కిన తరువాత పై గోడ అందదు, దిగుదామంటే క్రింది అంచు కనబడదు.

మంత్రగత్తెల గాథలు

క్రైస్తవ రాజు కథకు ప్రక్కనే ఈ కొండకు మరొక విధమైన పేరు కూడా ఉన్నది. జానపదుల నమ్మకం ప్రకారం క్రిస్మస్ రాత్రి, జూన్ 23న వచ్చే సెయింట్ జాన్ పండుగ రాత్రి మంత్రగత్తెలు హోర్నెలెన్ మీద కూడి సైతానుతో నృత్యం చేసేవారు. సెయింట్ జాన్ పండుగ నాడు నార్వే తీరంలో నేటికిని నీటి ఒడ్డున పెద్ద మంటలు వేస్తారు. పగలు మిక్కిలి దీర్ఘమై, రాత్రి నామమాత్రమైన ఆ వేళలో మబ్బు కమ్మిన శిఖరం మీద ఏమేమి కనబడుతుందో ఊహించుకొనడం కష్టం కాదు.

ఇది వినోదానికి చెప్పుకొనే కథ మాత్రమే అయితే ప్రస్తావించి వదలవచ్చును. కాని పదహారు, పదిహేడు శతాబ్దాలలో డెన్మార్క్-నార్వే రాజ్యంలో ఇటువంటి నమ్మకాలు ప్రాణాలు తీశాయి. చేతబడికి దండన విధిస్తూ 1617లో రాజశాసనం వెలువడింది. నార్వేలో దాదాపు మూడు వందల మందిని, వారిలో అత్యధికులు స్త్రీలు, ఈ నేరం మోపి చంపారు. శిఖరం మీద సమావేశమన్న ఆరోపణ ఆ విచారణలలో తరచు వచ్చేది. బెర్గెన్‌లో 1590లో సజీవ దహనానికి గురైన ఆన్ పెడెర్స్‌డాటర్ విషయంలో ఆ నగరానికి సమీపంలోని లీడెర్‌హోర్న్ కొండ పేరు సాక్ష్యాలలో వినవచ్చింది. ఆమె ఒక మతాచార్యుని విధవ. ఆమె కథ ఆధారంగా 1908లో హాన్స్ వియర్స్-యెన్సెన్ నాటకం రచించగా, ఆ నాటకాన్ని ఆధారం చేసుకొని డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రెయర్ 1943లో చలనచిత్రం తీశాడు. హోర్నెలెన్‌ను గురించిన గాథలు కూడా ఇదే కోవకు చెందినవి.

వింగెన్ శిలాచిత్రాలు

హోర్నెలెన్‌కు ఎదురుగా, ఫ్రోయ్‌షోయెన్ దక్షిణపు ఒడ్డున, ప్రధాన భూభాగంలో వింగెన్ అనే చిన్న సముద్రపు మడుగు ఉన్నది. దాని చుట్టూ ఉన్న బండల మీద, దొర్లిపడిన రాళ్ళ మీద రాతియుగపు మనుషులు చెక్కిన బొమ్మలు రెండు వేలకు పైగా ఉన్నవి. ఉత్తర ఐరోపాలోని పెద్ద శిలాచిత్ర స్థలాలలో ఇది ఒకటి. బెర్గెన్ న్యాయవాది క్రిస్టియన్ బింగ్ 1912లో వీటిని లోకానికి తెలియజేశాడు. యోహానెస్ బోయె 1932లో వీటిపై సమగ్ర గ్రంథం ప్రకటించాడు. తరువాత ఎగిల్ బక్కా మొదలైన పురావస్తు శాస్త్రజ్ఞులు పరిశోధన కొనసాగించారు.

బొమ్మలలో అధిక సంఖ్య ఎర్రజింకలవి. మనుష్యాకృతులు, కొక్కెం ఆకారపు కర్రవంటి చిహ్నాలు కూడా చాలా ఉన్నవి. రంగు వేసినవి కావు. గట్టి రాతితో పొడిచి పొడిచి ఇసుకరాయి పైపొరను తొలగించి గీసినవి. పక్కనే బయటపడిన నివాస స్థలాల బొగ్గును పరీక్షించి, సుమారు క్రీ.పూ. 4900–4200 మధ్య కాలంలో ఇక్కడ బొమ్మలు చెక్కినట్లు నిర్ణయించారు. అప్పటికి ఈ ప్రాంతంలో వ్యవసాయం లేదు. ఆ మనుషులు వేట, చేపలు పట్టడం మీద బ్రతికినవారు. నాటి సముద్రపు అంచు నేటికంటే కొన్ని మీటర్లు పైన ఉండేది. పడవలో తప్ప అక్కడికి చేరడం కష్టం గనుక ఆనాటివారును పడవలలోనే వచ్చి ఉంటారు, వచ్చేటప్పుడు హోర్నెలెన్ వారి కళ్ళ ఎదుట ఉండి తీరుతుంది.

ఇన్ని వేల ఏకరాల బండలున్న తీరంలో ఈ ఒక్క మూలనే ఎందుకు చెక్కారు? జింకలను కొండల నడుమ ఇరుకు దారిలోకి తోలి వేటాడడానికి ఇది అనువైన చోటని పూర్వం కొందరు భావించారు. నివాసాల ఆనవాళ్ళు, బొమ్మల స్వభావం పరిశీలించిన తరువాతివారు దీనిని ఆచారాలకు, సమావేశాలకు ఉపయోగపడిన చోటుగా చూస్తారు. దూరప్రాంతాల నావలు గుర్తు తప్పకుండా కలుసుకొనడానికి ఆ తీరంలో హోర్నెలెన్ కంటే మంచి గుర్తు మరొకటి దొరకదన్న మాట మాత్రం కాదనరానిది. ఎర్రజింకలు నేటికిని పశ్చిమ నార్వే అడవులలో సమృద్ధిగా ఉన్నవి.

వింగెన్‌ను 1980లో రక్షిత భూభాగంగా ప్రకటించారు. రహదారి లేదు; అనుమతి లేనిదే ప్రవేశం లేదు. ఈ కట్టుబాటు అనవసరమైన కాఠిన్యం కాదు. పొడిచిన గీతల లోతు స్వల్పం. ఇసుకరాయి పైపొర వాన, మంచు, నాచు వలన క్రమంగా రాలుతుంది. చెప్పుల రాపిడి తోడైతే ఆరు వేల ఏళ్ళు నిలిచినది ఒక తరంలో పోగలదు. ఈ మడుగుకు సమీపంలోని ఆక్స్లా కొండను కంకర కోసం త్రవ్వాలన్న ప్రతిపాదన మీద దేశంలోని పురావస్తు పరిరక్షకులు తీవ్రమైన అభ్యంతరం తెలిపారు. గనిలో పేలుళ్ళ అదురు, ధూళి, ఓడల రాకపోకలు చిత్రాలకును, వాటి పరిసరాల నిశ్శబ్దానికిని హాని చేస్తాయన్నది వారి వాదం. జనసంఖ్య తగ్గుతున్న తీర గ్రామాలకు ఉపాధి కావాలన్నది ఎదుటివారి వాదం. హోర్నెలెన్ ద్రోణి రాయే ఒకరికి పురాలేఖనం, మరొకరికి బ్రతుకుతెరువు కావడం ఈ వివాదంలోని చిక్కు.

స్కాటెస్ట్రౌమెన్, సొరంగం

బ్రెమాంగెర్‌లాండెట్‌కు, రుగ్సుండ్ ద్వీపానికి నడుమ ఉన్న ఇరుకైన జలసంధి స్కాటెస్ట్రౌమెన్. ఆటుపోట్ల వేళ ఇందులో నీరు ఏరులా పారుతుంది. ఆ వడిలో చేపలకు ఆహారం సమృద్ధిగా కొట్టుకువస్తుంది గనుక ఇక్కడ ఏడాది పొడుగునా చేపలు దొరుకుతాయి. రోడ్డు నిర్మాణానికి ముందు బెర్గెన్ విశ్వవిద్యాలయం వారు జరిపిన త్రవ్వకాలలో ఈ ఒడ్డున రాతియుగపు నివాసాలు అనేకం బయటపడ్డాయి. వింగెన్‌లో బొమ్మలు చెక్కిన కాలంలోను ఇక్కడ మనుషులు నివసించారు.

2002లో ఈ జలసంధి అడుగున సుమారు 1,900 మీటర్ల పొడవైన సొరంగ మార్గాన్ని తెరిచారు. దానితో ద్వీపవాసులకు తూర్పు వైపునకు పడవ కోసం ఎదురుచూడవలసిన అవసరం తీరింది. 2015 జూలై 15న పెట్రోలు తీసుకొనిపోతున్న లారీ వెనుక బండి ఊడిపోయి సొరంగంలో గోడకు కొట్టుకొన్నది. కారిన పెట్రోలు అంటుకొని పెద్ద మంట చెలరేగింది. ప్రాణనష్టం జరగలేదు గాని సొరంగం బాగా దెబ్బతిని చాలాకాలం మూతపడింది, ద్వీపవాసులు మళ్ళీ పడవల మీద ఆధారపడవలసి వచ్చింది. నిటారు వాలుతో సముద్రం క్రిందికి దిగే సొరంగాల భద్రత గురించి నార్వేలో అప్పటికే సాగుతున్న చర్చకు ఈ ప్రమాదం బలమిచ్చింది.

పర్వతారోహణ

సముద్రం వైపు గోడను ఎక్కడం నిపుణులైన శిలారోహకులకే సాధ్యం. నడిచి పోగోరేవారికి ద్వీపం లోపలి వైపు నుండి, బెర్లెపోర్టెన్ అనే చోటు నుండి కాలిబాట ఉన్నది. రానుపోను దాదాపు పగలంతా పడుతుంది. బాట మధ్యలో ఎత్తుపల్లాలు అనేకం. కొంత ఎక్కి మళ్ళీ దిగవలసి రావడం చేత 860 మీటర్లకు మించిన శ్రమ అవుతుంది. తడిసిన ఇసుకరాయి జారుతుంది. పొగమంచు కమ్మినప్పుడు అంచు ఎక్కడ ఉన్నదో కనబడదు, కనుక వాతావరణం నిలకడగా ఉన్న వేసవి దినాలలో మాత్రమే పోవాలని స్థానికులు హెచ్చరిస్తారు. తెరపి ఇచ్చిన రోజున శిఖరం మీది నుండి పడమట మహాసముద్రం, తూర్పున ఓల్ఫోట్‌బ్రేన్ మంచు, క్రింద ఫ్రోయ్‌షోయెన్‌లో పోయే ఓడలు కనబడతాయి.